చివరి బిళ్ళకు బదులు చెప్పేవాడు

1982వ సంవత్సరం. అమెరికాలోని లాస్ వేగాస్ నగరం. బినియన్స్ హార్స్‌షూ అనే జూదశాలలో ప్రపంచ పోకర్ పోటీల ప్రధాన క్రీడ జరుగుతున్నది. తలకు 10,000 డాలర్ల ప్రవేశరుసుము చెల్లించి 104 మంది బల్లల ముందు కూర్చున్నారు. వారిలో జాక్ స్ట్రాస్ ఒకడు. ఆరున్నర అడుగుల ఆజానుబాహువు. ఒక ఆటలో అతడు తన ముందున్న రంగు బిళ్ళలన్నిటినీ నడిమికి నెట్టాడు, ఓడిపోయాడు. లేచి వెళ్ళబోతూ ఉండగా కాగితపు రుమాలు కింద 500 డాలర్ల బిళ్ళ ఒకటి మిగిలిపోయి ఉండడం కనిపించింది. సర్వమూ ఒడ్డుతున్నానని అతడు నోటితో ప్రకటించి ఉండలేదు. అందువల్ల ఆ బిళ్ళ అతనిదేననీ, ఆట కొనసాగించవచ్చుననీ తీర్పు వచ్చింది. స్ట్రాస్ తిరిగి కుర్చీలో కూర్చున్నాడు. చివరకు డ్యూయీ టామ్కోను ఓడించి, 5,20,000 డాలర్ల బహుమానంతో లేచాడు.

ఒక బిళ్ళ, ఒక కుర్చీ ఉంటే చాలునన్న మాట ఆనాటి నుంచి పోకర్ లోకంలో సామెతగా నిలిచిపోయింది. మృత్యుముఖం నుంచి తిరిగి వచ్చిన వీరుని కథ ఎవరికి రుచించదు? అయితే ఈ కథకు రెండో పక్క ఒకటి ఉన్నది. స్ట్రాస్ తన వద్ద ఉన్నదంతా ముందుకు నెట్టినప్పుడు బల్లకు ఆవలి వైపున ఎవరో ఒకరు కూర్చునే ఉన్నారు. ఎదురు పందెం వేయడమా, ముక్కలు పడేసి తప్పుకోవడమా అన్నది ఆ మనిషి కొన్ని క్షణాలలో తేల్చుకోవలసి వచ్చింది. 500ను వరుసగా పదకొండుసార్లు రెట్టింపు చేస్తే 10,24,000 అవుతుంది. 104 మంది తెచ్చిన సొమ్ము మొత్తం 10,40,000. స్ట్రాస్ గెలిచినది కేవలం రెట్టింపుల వల్లనే అని కాదు. కాని ఆ ఒక్క బిళ్ళకు బదులు చెప్పినవారు లేకపోతే అది ఒక్క బిళ్ళగానే మిగిలి ఉండేది. వారి పేర్లు ఎవరికీ గుర్తు లేవు.

ఈ వ్యాసం స్ట్రాస్ వంటివారిని గురించి కాదు. వారికి బదులు చెప్పవలసినవారిని గురించి. పైకి చాలా తేలికగా కనిపించే ఆ నిర్ణయం వెనుక మూడు వందల ఏళ్ళకు పైబడిన గణితశాస్త్రం ఉన్నది. గణితానికి లొంగని మానవస్వభావమూ అంతే ఉన్నది.

హోల్డెమ్ అనే ఈ ఆట నియమాలు రెండు నిమిషాలలో చెప్పవచ్చు. ఒక్కొక్కరికి రెండేసి ముక్కలు రహస్యంగా పంచుతారు. బల్ల నడుమ అందరికీ ఉమ్మడిగా మొదట మూడు, తరువాత ఒకటి, ఆ పైన మరొకటి, మొత్తం ఐదు ముక్కలు వెల్లకిలా పెడతారు. తన రెండూ ఉమ్మడి ఐదూ కలిపి ఏడింటిలో మేలైన ఐదింటిని చూపగలిగినవాడిది గెలుపు. మన మూడు ముక్కలాటలో ముక్కలు చూడకుండా ఆడడాన్ని బ్లైండు అంటారు. పోకర్‌లో ఆ మాటకు అర్థం వేరు. ముక్కలు అందకముందే ఇద్దరు విధిగా వేయవలసిన పందెం అది. ఒకరిది చిన్న బ్లైండు. ఆ పక్కవానిది సాధారణంగా దానికి రెట్టింపైన పెద్ద బ్లైండు. ఈ భారం బల్ల చుట్టూ తిరుగుతూ ప్రతివానికీ వంతులవారీగా వస్తుంది.

పోటీలో బిళ్ళలు డబ్బు కావు. వాటిని ఆట మధ్యలో సొమ్ము చేసుకొని ఇంటికి పోవడానికి వీలులేదు. అన్నీ పోగొట్టుకున్నవాడు లేచిపోవాలి. చివరి వరకూ నిలిచిన కొద్దిమందికి మాత్రమే బహుమానాలు. పైగా నిర్ణీత కాలానికొకసారి బ్లైండులు పెరుగుతూ పోతాయి. ప్రపంచ పోటీల ప్రధాన క్రీడలో రెండు గంటలకొక మెట్టు. నిన్న కొండలా కనిపించిన బిళ్ళల దొంతర నేడు పిడికెడుగా మారడానికి ఓడిపోనక్కర లేదు, ఊరక కూర్చున్నా చాలు.

1995లో ఇదే ప్రధాన క్రీడను గెలిచిన డాన్ హారింగ్టన్ తన గ్రంథాలలో ఈ అవస్థకు ఒక కొలతను ప్రచారం చేశాడు. చేతిలోని బిళ్ళలను ఒక చుట్టుకు అయ్యే విధి పందేలతో భాగిస్తే, ఏ ఆటా ఆడకుండా ఎన్ని చుట్లు బతకగలడో తెలుస్తుంది. బాక్‌గామన్ అనే పాచికల ఆటలో నిపుణుడైన పాల్ మాగ్రియెల్ పేరులోని మొదటి అక్షరంతో దానిని ‘ఎమ్’ అంటారు. ఆ సంఖ్య ఐదుకు దిగిందంటే సూక్ష్మమైన ఎత్తుగడలకు కాలం చెల్లినట్లే. మిగిలినవి రెండే మార్గాలు: ముక్కలు పడేయడం, లేదా ఉన్నదంతా ఒకేసారి ఒడ్డడం. తెగించినవానికి తెడ్డే లింగం అన్నట్లు, అప్పుడు అతనికి ఆసు–ఏడు అయినా, చిన్న జత అయినా దివ్యాస్త్రంగానే కనిపిస్తుంది.

అలా అతడు తన సర్వస్వాన్నీ ముందుకు నెట్టాడు. మిగతావారంతా ముక్కలు పడేశారు. ఇప్పుడు పెద్ద బ్లైండు వేసినవాని వంతు వచ్చింది.

మొదట గ్రహించవలసినది ఈ ఇద్దరి స్థితిలో ఉన్న తేడా. ముందుకు నెట్టినవానికి గెలవడానికి రెండు దారులు ఉన్నాయి. ఎదుటివాడు భయపడి తప్పుకుంటే ముక్కలతో పని లేకుండానే రాశి అతనిది. తప్పుకోకపోతే ముక్కలు కలిసిరావచ్చు. బదులు చెప్పేవానికి ఉన్నది ఒకే దారి. అతడు ఎవరినీ భయపెట్టలేడు. అతని ముక్కలు గెలిచి తీరాలి. అందుచేత తాను స్వయంగా పందెం పెంచడానికి చాలే ముక్కలు, ఇతరుల పెంపునకు బదులు చెప్పడానికి చాలవు. డేవిడ్ స్క్లాన్‌స్కీ అనే రచయిత ఈ అంతరాన్ని ఒక సూత్రంగా ప్రతిపాదించాడు. తరువాత గణనయంత్రాలు దానిని అంకెలలో చూపాయి. ఇద్దరే మిగిలి, ఇద్దరి వద్దా పెద్ద బ్లైండుకు పది రెట్లు బిళ్ళలు ఉన్నప్పుడు, చిన్న బ్లైండు వేసినవాడు సగానికి పైగా ముక్కలతో సర్వమూ ఒడ్డవచ్చు. ఎదుటివాడు మాత్రం మూడోవంతుకు కాస్త మించిన ముక్కలతోనే అంగీకరించాలి. ఇద్దరిలో ఎవరూ ఏకపక్షంగా తమ పద్ధతి మార్చుకొని లాభపడలేని ఈ స్థితిని, దానిని నిర్వచించిన జాన్ నాష్ పేరు మీద సమతాస్థితి అంటారు. 1950 నాటి తన పరిశోధన వ్యాసంలో ఆయన ఉదాహరణగా తీసుకున్నది కూడా ముగ్గురు ఆడే ఒక చిన్న పోకర్ ఆటనే.

ఇక ధర సంగతి. బ్లైండులు 500, 1,000 అనుకుందాం. చివరి స్థానంలోని ఆటగాడు తన వద్ద మిగిలిన 3,000 ఒడ్డాడు. చిన్న బ్లైండు తప్పుకున్నాడు. పెద్ద బ్లైండు వేసినవాని చేతిలో ఎనిమిది, ఆరు ఉన్నాయి; వేరువేరు రంగులు. చూడగానే పారవేయదగిన ముక్కలు. కాని బల్ల నడుమ 4,500 ఉన్నది. దానిని గెలవడానికి అతడు కొత్తగా వేయవలసినది 2,000 మాత్రమే. అంటే 6,500లో 2,000: నూటికి 31 సార్లు గెలిస్తే చాలు, నష్టం లేదు. మొదట వేసిన 1,000 సంగతి ఇక్కడ ఎత్తరాదు. అది రాశిలో పడిన క్షణాననే అతనిది కాకుండా పోయింది. “నా వెయ్యి పోతుందే” అన్న బాధతో అంగీకరించేవారు ప్రతి బల్ల దగ్గరా కనిపిస్తారు. వారి నిర్ణయం ఒక్కొక్కసారి సరైనదే కావచ్చు కాని, కారణం మాత్రం తప్పు.

ఎదుటివానివి ఆసు, రాజు అయితే ఎనిమిది–ఆరు నూటికి సుమారు 38 సార్లు గెలుస్తాయి. చిన్న మూళ్ళ జత అయితే ఇంచుమించు సగం. ఆసు–ఎనిమిది అయితే పావు వంతు ప్రాంతం. రాణుల జత వంటిది అయితే ఇరవైకి లోపు. కాని జత పడేది పదిహేడు పంపకాలలో ఒకసారి. ఒడ్డినవాడు తెగించినవాడు, అతని చేతిలో ఏవేవో ఉండవచ్చు. అన్నిటినీ కలిపి సగటున 37 సార్లు గెలుపు అనుకుంటే, నూరుసార్లలో వేసేది 2,00,000, వచ్చేది 2,40,500. ఒక్కొక్కసారికి 405 బిళ్ళల లాభం. ఈ ఆటలో ఎవరూ ఊరకే ఇవ్వని సొమ్ము అది.

ఇక్కడే అసలు చిక్కు వస్తుంది. ఈ లెక్క ప్రకారం సరిగ్గా నడుచుకున్నవాడు నూటికి 63 సార్లు ఓడిపోతాడు. సరైన నిర్ణయం గెలుపు కంటె ఓటమినే ఎక్కువసార్లు తెచ్చిపెడుతుంది. ఆ ఓటమి కూడా చాటున జరిగేది కాదు. పోటీ నియమాల ప్రకారం ఒకరు సర్వమూ ఒడ్డి, మరొకరు అంగీకరించి, ఇక పందేలకు తావు లేనప్పుడు ఇద్దరి ముక్కలనూ వెల్లకిలా పెట్టాలి. ఎదుటివాడు ఆసు–రాజు చూపుతాడు. ఇతడు ఎనిమిది–ఆరు చూపాలి. బల్ల చుట్టూ కనుబొమలు లేస్తాయి. ఎవరో చిరునవ్వు దాచుకుంటారు. ఓడి లేచిపోయేవాడు గొణుక్కుంటూ పోతాడు. లెక్కలో గెలిచినవాడు సభలో మూర్ఖునిగా నిలబడతాడు.

ఈ సిగ్గుకు వెరచి పడేసిన ముక్కల వల్ల పోయే బిళ్ళలు ఎన్నో ఎవరూ లెక్కపెట్టలేరు. పడేసిన ముక్కలు ఎవరికీ కనిపించవు గనుక. అంగీకరించి ఓడినవానిని నలుగురూ చూస్తారు. తప్పుకొని నష్టపోయినవానిని ఎవరూ చూడరు, అతడు కూడా చూసుకోడు. మనిషి ఏ వైపు మొగ్గుతాడో ఊహించడానికి పాండిత్యం అక్కరలేదు.

దీనికి సరిగ్గా ఎదురుగా ఉండే దోషం మరొకటి. అదే బ్లైండులలో ఎదుటివాడు 3,000 కాక 15,000 ఒడ్డాడు. ఇప్పుడు నడుమ ఉన్నది 16,500. కొత్తగా వేయవలసినది 14,000. నూటికి 46 సార్లు గెలవాలి. ధర మారింది, ముక్కల విలువా మారింది. కాని చేతిలో ఆసు కనబడగానే ఈ మార్పును మరచిపోయేవారు ఎందరో! ఆసు–ఐదు చూడడానికి గంభీరంగా ఉంటుంది. ఎదుటివాడు ఆసు–జాకీతో వచ్చాడా, దాని గెలుపు నాలుగింట ఒక వంతు ప్రాంతానికి పడిపోతుంది. ఇద్దరి ఆసూ ఒకటే. పక్క ముక్కే తీర్పరి. ఆసు–రాజుకు ఎదురుగా జాకీ–పది పెట్టినా అంతకంటె మెరుగు, 37 ప్రాంతం. రూపానికీ బలానికీ ఉన్న ఈ తేడా పేకాటలోనే ఉన్నదని కాదు కాని, పేకాటలో దాని జరిమానా తక్షణమే చెల్లించవలసి వస్తుంది.

పైగా కోపం ఒకటి. ఒకే మనిషి మూడుసార్లు వరుసగా సర్వమూ ఒడ్డి ముగ్గురి బ్లైండులు ఎత్తుకుపోతే, నాలుగోసారికి బల్ల మీద ఒక న్యాయాధిపతి తయారవుతాడు. “వీనికి ఈసారి బుద్ధి చెప్పవలసిందే” అనుకుంటాడు. అతడు ముక్కలు చూసి కాదు, మొహం చూసి అంగీకరిస్తాడు. నిజానికి చూడవలసినది మొహమూ కాదు, కుర్చీ. మొదటి స్థానం నుంచి, అంటే వెనుక ఎనిమిది మంది ఇంకా నిర్ణయం చెప్పవలసి ఉండగా సర్వమూ ఒడ్డినవాడు ఆ ఎనిమిదింటిలో ఒక్క మంచి చెయ్యి ఉన్నా చిక్కుకుంటాడు. అందుచేత అతనివి మంచి ముక్కలే అయి ఉంటాయి. చివరి స్థానం నుంచి, ఇద్దరే మిగిలి ఉండగా ఒడ్డినవాడు చాలా వాటితో ఆ పని చేయగలడు. అదే రీతిగా, బదులు చెప్పేవాని వెనుక ఇంకా ఎవరైనా ఉన్నారా అన్నదీ చూడాలి. చిన్నవానికి బదులు చెప్పబోయి వెనుక ఉన్న పెద్దవాని చేతిలో పడినవారి కథలు బల్లబల్లకూ ఉన్నాయి.

ఇంతవరకూ చెప్పినది బిళ్ళల లెక్క. బిళ్ళలకూ బహుమానానికీ ఉన్న సంబంధం అంత సూటిగా లేదు. అసలు కథ అక్కడ మొదలవుతుంది.

నలదమయంతుల కథలో పుష్కరుని చేతిలో సర్వమూ కోల్పోయిన నలుడు ఋతుపర్ణుని వద్ద అక్షహృదయం అనే విద్య నేర్చుకుంటాడు. ఆ రాజు చెట్టును దూరం నుంచి చూసి ఆకులూ కాయలూ ఎన్నో చెప్పగలవాడు. నలుడు రథం దిగి లెక్కించి చూస్తాడు, సరిపోతుంది. పాచికల రహస్యం లెక్కలో ఉన్నదని ఆ కథ చెప్పినవారికి తెలుసు. ఐరోపాలో ఈ విద్య 1654లో పాస్కల్, ఫెర్మా అనే ఇద్దరు ఫ్రెంచి పండితుల ఉత్తరప్రత్యుత్తరాలలో రూపు కట్టింది. వారి ముందున్న ప్రశ్న ఇది: ఇద్దరు జూదరులు ఆట మధ్యలో లేచిపోవలసి వస్తే, అప్పటికి ఉన్న స్థితిని బట్టి పందెపు సొమ్మును ఎలా పంచాలి? జరిగిన ఆటను కాదు, జరగబోయే ఆటలో ఒక్కొక్కరికి ఉన్న అవకాశాలను లెక్కించాలని వారు తేల్చారు. సంభావ్యతా శాస్త్రానికి అదే పునాది అయింది.

పోకర్ పోటీలో ప్రతి క్షణమూ ఈ ప్రశ్నే. ఇప్పుడు ఆట ఆగిపోతే నా వాటా ఎంత? 1973లో డేవిడ్ హార్విల్ అనే గణాంకవేత్త గుర్రప్పందేలలో రెండవ, మూడవ స్థానాల అవకాశాలు కట్టడానికి ఒక సూత్రం ప్రకటించాడు. 1987లో మేసన్ మాల్ముత్ అటువంటి పద్ధతినే పోకర్‌కు అన్వయించాడు. మొదటి స్థానం వచ్చే అవకాశం బిళ్ళల నిష్పత్తిలో ఉంటుంది. ఒకరికి మొదటి స్థానం ఇచ్చివేశాక, మిగిలినవారి మధ్య రెండవ స్థానం అదే రీతిగా, ఆపై మూడవదీ అంతే. ఆటగాళ్ళ నైపుణ్యంలో తేడాలను ఈ పద్ధతి పట్టించుకోదు. తరువాతి బ్లైండు ఎవరి మీద పడబోతున్నదో అదీ చూడదు. అయినా దీనికి మించిన తేలిక పద్ధతి లేదు.

ఒక ఉదాహరణ చూద్దాం. నలుగురు మిగిలారు. తలకు 5,000 బిళ్ళలు. బహుమానం మొత్తం నూరు రూపాయలు: మొదటివానికి 50, రెండవవానికి 30, మూడవవానికి 20, నాలుగవవానికి శూన్యం. నలుగురూ సమానం గనుక ఒక్కొక్కరి వాటా 25. ఇప్పుడు ఒకడు సర్వమూ ఒడ్డాడు, మరొకడు అంగీకరించి గెలిచాడు. గెలిచినవాని బిళ్ళలు రెట్టింపై 10,000 అయ్యాయి. వాటా కూడా రెట్టింపై 50 కావాలి గదా? కాదు. లెక్క కడితే 38 రూపాయల 33 పైసలు. ఓడినవాని 25 రూపాయలలో గెలిచినవానికి దక్కినది 13.33 మాత్రమే. మిగిలిన సొమ్ము ఎక్కడికి పోయింది? ముక్క ముట్టకుండా కుర్చీలలో వెనక్కి వాలి కూర్చున్న ఆ ఇద్దరికీ తలకు 5.83 చొప్పున చేరింది. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చడం అంటే ఇదే.

అంటే బదులు చెప్పేవాడు 13.33 కోసం 25 రూపాయలను పణం పెడుతున్నాడు. అది నష్టం కాకుండా ఉండాలంటే నూటికి 65 సార్లు గెలవాలి. ఎదుటివాడు ముక్కలు చూడకుండా కళ్ళు మూసుకొని ఒడ్డాడనుకున్నా, వేరువేరు రంగుల ఆసు–రాజు గెలిచేది నూటికి సుమారు 65 సార్లే. ఏ ఆటగాడైనా ముద్దుపెట్టుకొనే ఆ జంట ఈ స్థితిలో లాభనష్టాల సరిహద్దు మీద నిలబడి ఉంటుంది. రెండ్ల జత సంగతి చెప్పనక్కర లేదు. కళ్ళు మూసుకొని ఒడ్డినవాని మీద దాని గెలుపు సగానికి ఇసుమంత పైన.

అయితే ఒడ్డినవాడు సమానుడు కాక, బిళ్ళలు తరిగిపోయినవాడైతే? ఇద్దరి వద్ద ఎనిమిదేసి వేలు, ఇద్దరి వద్ద రెండేసి వేలు ఉన్నాయనుకుందాం. రెండు వేలవాడు ఒడ్డాడు, ఎనిమిది వేలవాడు బదులు చెప్పాలి. అతని ప్రస్తుత వాటా 34.44. గెలిస్తే 38.89, ఓడితే 29.49. వచ్చేది 4.44, పోయేది 4.95. నూటికి 53 సార్లు గెలిస్తే సరిపోతుంది. నడుమ పడి ఉన్న బ్లైండులను కూడా కలిపితే అంతకంటె తక్కువే చాలు. పెద్దవాడు చిన్నవానికి బదులు చెప్పడమూ, సమానుడు సమానునికి బదులు చెప్పడమూ ఒకే పనిగా కనిపిస్తాయి. వాటి మధ్య దూరం 53కూ 65కూ ఉన్న దూరం. పోటీలలో తప్పులు ఎక్కువగా జరిగేది ఈ చోటనే. 3,000 ఒడ్డినవానికి భయపడి తప్పుకున్నవాడు, మరో గంటకు తన సమానుని మీద ఆసు–పదితో ప్రాణం పెట్టేస్తాడు.

ఈ తర్కాన్ని చివరంటా తీసుకుపోతే వింత చోటికి చేరుతుంది. పెద్ద పోటీకి ప్రవేశం బహుమానంగా పెట్టే చిన్న పోటీలు ఉన్నాయి. 2003లో క్రిస్ మనీమేకర్ అనే గణకుడు అటువంటి ఆన్‌లైన్ పోటీ ద్వారా లాస్ వేగాస్ చేరి, 839 మందిలో మొదటివాడై 25 లక్షల డాలర్లు గెలిచిన తరువాత వాటికి విపరీతమైన ప్రచారం వచ్చింది. వాటిలో పది ప్రవేశాలు ఉంటే పదిమందికీ సమానంగా ఒక్కొక్కటి. మొదటివానికి ఎక్కువ లేదు, పదవవానికి తక్కువ లేదు. పదకొండుగురు మిగిలారు. ఒకనికి బోలెడు బిళ్ళలు ఉన్నాయి. బల్ల చివర ఇద్దరు ముగ్గురు కొనఊపిరితో ఉన్నారు. అతనితో సమానమైన బిళ్ళలున్నవాడు సర్వమూ ఒడ్డాడు. ఇతని చేతిలో రెండు ఆసులు! 221 పంపకాలకొకసారి వచ్చే, ఈ ఆటలో అన్నిటికంటె బలమైన జత. తెలియని ముక్కల మీద దానికి నూటికి 85 గెలుపులు. పడేయాలి. ఊరక కూర్చుంటే ప్రవేశం దాదాపు ఖాయమైనప్పుడు, నూటికి పదిహేనుసార్లు దానిని పోగొట్టుకొనే పని ఎందుకు? గెలిచినా రెండవ ప్రవేశం ఎవరూ ఇవ్వరు. ఈ మాట విన్న కొత్త ఆటగాళ్ళు మొదట నవ్వుతారు. తరువాత కాగితం మీద లెక్క వేసుకుంటారు. ఆ తరువాత కూడా, ఆసులు చేతికి వచ్చినప్పుడు పడేయలేరు.

మరొక ఆచారాన్ని గురించి చెప్పుకోవాలి. తెగించిన చిన్నవానికి ఒకరు కాక ఇద్దరు బదులు చెప్పారనుకుందాం. ఆ ఇద్దరి మధ్య ఇంకా పందేలు సాగవచ్చు. కాని బహుమానాల సరిహద్దులో అనుభవజ్ఞులు సాధారణంగా మరి పందెం వేయకుండా ఐదు ముక్కలూ వెల్లకిలా పడేవరకూ మౌనంగా సాగిపోతారు. ఇద్దరి చేతులు చూడవలసి వస్తే చిన్నవాడు మిగలడం కష్టం. అతడు పోతే ఇద్దరికీ లాభం. మాట్లాడుకొని ఈ పని చేస్తే అది కుమ్మక్కు, నియమవిరుద్ధం. మాట్లాడకుండా చేస్తే లోకరీతి. వట్టి చేతులతో మధ్యలో పందెం పెంచి తోటివానిని తరిమివేసి, ఆ తరువాత చిన్నవాని చేతిలో తానే ఓడి అతనికి ప్రాణం పోసినవానిని ఆ బల్ల వద్ద చాలాకాలం క్షమించరు.

ఇంత లెక్క ఉన్న ఆటను జూదం అనవచ్చునా అన్న ప్రశ్న మన దేశంలో న్యాయస్థానాల మెట్లెక్కింది. పేకాటకు సంబంధించి ప్రసిద్ధమైన తీర్పుకు మూలం సికింద్రాబాదులోని ఒక క్లబ్బు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ కె. సత్యనారాయణకూ మధ్య నడిచిన ఆ వ్యాజ్యంలో 1967 నవంబరులో సుప్రీంకోర్టు, రమ్మీలో పడిన ముక్కలను గుర్తుంచుకోవడం, ఏది ఉంచుకోవాలో ఏది పడేయాలో నిర్ణయించడం నైపుణ్యమని చెప్పి, మూడు ముక్కలాటను దాని నుంచి వేరుచేసింది. పశ్చిమ బెంగాలులో 1957 నాటి చట్టం బ్రిడ్జి, రమ్మీలతో పాటు పోకర్‌ను కూడా జూదం నిర్వచనం నుంచి మినహాయించింది. తెలుగు రాష్ట్రాలు మరో దారి పట్టాయి: తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ చట్టాలు సవరించి ఆన్‌లైన్ పందెపు ఆటలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టమైతే నైపుణ్యమా, అదృష్టమా అన్న భేదమే పాటించకుండా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ దేశమంతటా నిషేధించదలచింది. ఆలోచించి చూస్తే రెండు వాదాలలోనూ నిజం ఉన్నది. ఏ ధరకు అంగీకరించాలో తేల్చడం నైపుణ్యమే. అంగీకరించిన తరువాత పడే ఐదు ముక్కలను ఏ నైపుణ్యమూ శాసించలేదు. నూటికి 65 అన్నది ఒక్కసారి ఆడేవానికి పెద్ద ఓదార్పు కాదు. ఇల్లు తాకట్టు పెట్టి ఆడేవానికి అసలే కాదు.

జాక్ స్ట్రాస్ 1988లో, 58వ ఏట, లాస్ ఏంజెలెస్ ప్రాంతంలోని ఒక పేకాటశాలలో పెద్ద పందెపు ఆట ఆడుతూనే కుప్పకూలి మరణించాడు. అతడు 104 మందిలో గెలిచిన పోటీకి 2024లో 10,112 మంది వచ్చారు. ప్రవేశరుసుము మాత్రం అదే 10,000 డాలర్లు. బహుమానాల వరుసలో చివరివానికి 15,000.

ఆ సరిహద్దుకు ఒకరిద్దరి దూరంలో ఉన్నప్పుడు అన్ని బల్లల మీదా ఒకేసారి ఒక్కొక్క ఆట పంచుతారు. అందరూ ముగించే వరకు ఎవరూ మరో ఆట మొదలుపెట్టరాదు. వందల మంది కుర్చీల నుంచి లేచి, మెడలు చాచి, ఇతర బల్లల వైపు చూస్తూ ఉంటారు. ఎక్కడో ఒక మూల పంచేవాడు చెయ్యి పైకెత్తుతాడు: ఒకడు ఉన్నదంతా ఒడ్డాడు. కొంతసేపటికి మరొక మాట వినబడుతుంది: అంగీకరించారు. నిర్వాహకుడు వచ్చేదాకా ముక్కలు తిప్పరాదు. కెమెరాలు మోసుకొని పరుగెత్తి వచ్చేవారికి జనం దారి ఇస్తారు. సర్వమూ ఒడ్డినవాడు అప్పటికే లేచి నిలబడి, కోటు చేతిలోకి తీసుకొని ఉంటాడు. బదులు చెప్పినవాడు కూర్చునే ఉంటాడు, రెండు ముక్కల మీద అరచెయ్యి మూసి.